అరగని ప్రయాణం

గేదె జ్ఞాపకంలో అన్నిటికంటే ముందు వాసన వస్తుంది. ఆ సంగతి మొట్టమొదట తెలుసుకున్న మనిషి పశువుల డాక్టరు లోవకుమారి.

ఆ మధ్యాహ్నం ఆమె గోదావరి నడుమనున్న కేదారిలంకలో, పశు పరిశోధనశాల వెనక పాకలో, నులకమంచం మీద పడుకుని ఉంది. నుదుటికి మెత్తటి పట్టీ. అలాంటి పట్టీయే పక్కన పడుకున్న గేదె దవడ కింద. రెండింటి మధ్యా తీగలేవీ లేవు. గేదె మేత ముగించి, కళ్లు సగం మూసి, నెమరు వేయడం మొదలుపెట్టింది. దవడ అటూ ఇటూ తిరిగే ఆ మెత్తటి చప్పుడు వింటూ వింటూ లోవకుమారి కళ్లు మూతలు పడ్డాయి.

ముందు బురద వాసన. తర్వాత తడిసిన తుంగ వాసన. ఆ వాసనల్లోంచి మెల్లగా నీళ్లు పుట్టాయి. ఇప్పుడామె నదిలో ఉంది. ఒళ్లంతా బరువే, కానీ ఆ బరువును నది మోస్తోంది. వీపు మీద కొంగ నడుస్తుంటే ప్రతి అడుగూ చక్కిలిగింతలా తెలుస్తోంది. ఒడ్డున మనుషులున్నారు. వాళ్లకు ముఖాలు లేవు. ఒక్కొక్కరికీ ఒక్కో అడుగు చప్పుడు, ఒక్కో చెమట వాసన ఉన్నాయంతే. ఎక్కడో దూడ అరిచింది. ఆ అరుపు చెవికి కాదు, పొదుగుకు వినిపించింది.

లేచేసరికి ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. ఎదురుగా పరిశోధనశాల పెద్ద పట్టాభి గారు నిలబడి ఉన్నారు.

"ఏం కనిపించిందమ్మా?"

"పొద్దున్న రేవులోకి దిగింది కదండీ, అదంతా. ఇవి నెమరేసేది గడ్డినొక్కటే కాదండీ. జరిగిన రోజును కూడా."

పట్టాభి గారు అక్కడే మంచం పట్టె మీద కూలబడ్డారు. ఆ దవడ లయకూ మెదడులో రేగే అలలకూ ఏదో చుట్టరికం ఉందని ఆయన ఏళ్ల తరబడి అనుమానిస్తున్నారు. ఆ అలలను పట్టి మనిషి నుదుటికి అందించే పట్టీ తయారు చెయ్యడానికి ఆయన జుట్టంతా నెరిసిపోయింది. "మన భాషకు ఎప్పుడో తెలుసన్నమాట" అన్నారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "గడ్డికీ గతానికీ ఒకే మాట పెట్టుకున్నాం."

ఆ తర్వాతి రోజులు లోవకుమారికి కలలో నడిచినట్టు గడిచాయి. ఒక గేదెతో పాటు వానలో తడిసింది. ఇంకోదానితో పాటు ఈనింది, ఈనిన దూడను నాకింది. క్రమంగా మరో సంగతి బయటపడింది. ఒకసారి తీరిగ్గా నమిలిన జ్ఞాపకం కోసం మళ్లీ వెతికితే పలచబడి ఉంటుంది. ఆ తర్వాత వెతికితే అసలే ఉండదు. కుక్క తరిమిన భయమైనా, దూడను వేరుచేసిన దిగులైనా, పడుకుని నెమరు వేశాక పశువుకు అరిగిపోతోంది. పక్కన పట్టీ పెట్టుకున్న మనిషికీ దాంతో పాటే అరుగుతోంది. నదిలో తేలిన ఆ మొదటి మధ్యాహ్నం ఇప్పుడు లోవకుమారికి తాను రాసుకున్న నివేదికలో తప్ప మనసులో లేదు. అది ఆమెకు కాస్త బాధగానే అనిపించింది.

సాయంత్రం పంటు ఎక్కి నది దాటి ఇంటికి వెళ్లేది. ఇల్లంటే అన్నయ్య ఇల్లే. అబ్బులు లారీ నడుపుతాడు. సంతలో కొన్న గేదెలను దూరాన నగరం పక్కనున్న పాల ఫారాలకు చేరవేస్తాడు. మనిషి మెతక. పశువు మీద చెయ్యెత్తగా ఎవరూ చూడలేదు. తాడు పట్టి లారీ ఎక్కించేటప్పుడు కూడా "అమ్మా, తల్లీ" అనే అంటాడు. చట్టం చెప్పిన లెక్కకు రెట్టింపు పశువుల్ని ఎక్కిస్తున్నానని అతనికీ తెలుసు. దారిలో నీళ్లు పెట్టాలనీ, నిండు చూలుతో ఉన్నవాటిని ఎక్కించకూడదనీ తెలుసు.

"ఎక్కడ ఆపి పెట్టమంటావే నీళ్లు?" అనేవాడు చెల్లెలు అడిగితే. "దింపడానికి గట్టు లేదు, కట్టెయ్యడానికి చెట్టు లేదు. ఆపితే వెనకాల హారన్లు. ఆ రూలు రాసినాయన్ని ఒకసారి నా పక్క సీట్లో కూచోమను."

ఆ మాట నిజమేనని లోవకుమారికీ తెలుసు.

ఆ వర్షాకాలంలో పరిశోధనశాలకు ఒక గేదెను తెచ్చారు. ఫారం వాళ్లు పాలు ఇవ్వడం లేదని వదిలేస్తే ఎవరో పుణ్యాత్ములు పంపించారు. ఒక కొమ్ము మొదలంటా విరిగి ఉంది. పాకలో అందరూ దాన్ని ఒంటికొమ్ముది అనేవారు. అది మేస్తుంది గానీ నెమరు వేయదు. నాలుగుసార్లు దవడ ఆడించి ఆపేస్తుంది. పడుకోదు. కళ్లు ఎటో పెట్టి నిలబడే ఉంటుంది.

నెమరు వేయని పశువు బతకదు. లోవకుమారి మందులు ఇస్తూనే, దానికేం జరిగిందో చూద్దామని పట్టీ పెట్టుకుంది.

ఇనుము వాసన. డీజిలు వాసన. తల కదలడం లేదు. ముక్కుతాడు కమ్మీకి పొట్టిగా కట్టి ఉంది, మెడ ఒక పక్కకు వంగిపోయి ఉంది. కమ్మీకి కొట్టుకుని విరిగిన కొమ్ము మొదట్లో నిప్పు. రెండు వైపులా మండుతున్న ఒళ్లు. పైన సన్నటి చీలికలో ఆకాశం పరిగెడుతోంది. దాహం నాలుకలో మొదలై కాళ్లలోకి దిగింది. ఉన్నట్టుండి నీళ్ల వాసన వచ్చింది. ఏదో వంతెన. నది మొత్తం ముక్కులోకి వచ్చి, గొంతు దాకా వచ్చి, వెళ్లిపోయింది. కాళ్ల కింద ఇనుము కాకుండా మెత్తగా, వెచ్చగా ఏదో ఉంది. అది కదిలింది. తర్వాత కదలడం మానేసింది. దాని మీదే నిలబడాలి, వేరే చోటు లేదు. అప్పుడు ముందునుంచి ఒక గొంతు వచ్చింది. "అదిగో, వచ్చేశాం తల్లీ. వచ్చేశాం. ఇంకొక్క మలుపు." ఆ గొంతులో ఎంత చల్లదనమో! ఒళ్లంతా చెవులు చేసుకుని నమ్మింది. మలుపు తిరిగింది. లారీ ఆగలేదు. మళ్లీ ఆ గొంతు. మళ్లీ నమ్మింది.

అక్కడ దవడ ఆగిపోయింది.

లోవకుమారి పట్టీ లాగి పారేసింది. ఆ గొంతు అబ్బులుది.

పట్టాభి గారికి అంతా చెప్పింది, గొంతు సంగతి తప్ప. మర్నాడు ఇంట్లో వదిన మరిడమ్మ వడ్డిస్తుంటే అన్నయ్య ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యా, నేను నీ లారీలో వచ్చేను."

"ఎప్పుడు? కలలోనా?" నవ్వాడు అబ్బులు.

"వెనకాల. ఒక గేదెకి కొమ్ము విరిగింది, ఇంకోటి దాని కాళ్ల కింద పడి చచ్చిపోయింది. నువ్వు ముందునుంచి 'వచ్చేశాం తల్లీ, ఇంకొక్క మలుపు' అంటానే ఉన్నావు. అన్నప్పుడల్లా అది నమ్మింది అన్నయ్యా."

అబ్బులు చెయ్యి కంచంలో ఆగిపోయింది. మరిడమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. అతను కంచం పక్కకు జరిపి అడిగాడు.

"నా మీద కోపంగా ఉందా దానికి?"

"లేదు. అదే బాధ."

రెండు రోజులు అబ్బులు లారీ తియ్యలేదు. మూడో రోజు చెల్లెలికి చెప్పకుండా పంటు ఎక్కి లంకలోకి వెళ్లాడు. పాకలో పట్టాభి గారొక్కరే ఉన్నారు. "నేను లారీ డ్రైవర్నండి. ఆ గేదెని తోలుకెళ్లింది నేనేనండి. నాకూ ఒకసారి చూపించండి" అన్నాడు. పట్టాభి గారికి చెయ్యెత్తి మొక్కాలనిపించింది. పశువును మోసిన మనిషే వచ్చి ఆ మోతను తన మీద వేసుకుంటానంటున్నాడు. ఇంతకంటే ఏం కావాలి? తన చేత్తో పట్టీ కట్టారు.

లోవకుమారి వచ్చేసరికి అయిపోయింది, పట్టాభి గారు తన గదికి వెళ్లిపోయారు. అబ్బులు మంచం మీద లేడు. గేదె పక్కన, దానిలాగే మెడ ఓ పక్కకు వంచి నిలబడి ఉన్నాడు.

ఆ రోజునుంచి అతను ఈ లోకంలో సగమే ఉన్నాడు. పడుకోమంటే పడుకోడు. గోడకు ఆనుకుని నిలబడే కళ్లు మూస్తాడు. బిందెడు నీళ్లు తాగినా దాహమే. వంతెన మీద నడుస్తుంటే నది వాసనకు ఏడుపొస్తుంది. కాళ్ల కింద చాప మెత్తగా తగిలితే ఎగిరి పక్కకు దూకుతాడు. ఎవరైనా "వచ్చేసింది, ఇదిగో" అని మామూలుగా అన్నా సరే, ఆ మాటకు ముఖం ఆశతో విప్పారుతుంది, తర్వాత మెల్లగా ఆరిపోతుంది. అది చూడలేకపోయేది మరిడమ్మ.

"ఆయన తప్పు చేసేడు. కాదన్ను" అంది ఆడపడుచుతో. "కానీ ఇదెంతకాలం? జైలుకైనా గడువుంటుంది కదా లోవా."

లోవకుమారికీ నిద్ర సరిగా రావడం లేదు. కానీ తాను వెంటనే పట్టీ తీసేసింది. అన్నయ్య ఎంతసేపు పెట్టుకున్నాడో, ఆ దారిలో ఎన్ని మలుపులు తిరిగాడో.

మిగతా జ్ఞాపకాలన్నీ అరుగుతుంటే ఇదొక్కటి ఎందుకు అరగడం లేదు? రోజుల తరబడి ఆలోచించాక తట్టింది. ఒంటికొమ్ముదానికి ఆ ప్రయాణం పూర్తి కాలేదు. ఫారం దగ్గర లారీ ఆగేసరికే అది స్పృహ తప్పి పడిపోయిందని ఫారం వాళ్లు చెప్పారు. ఈడ్చి దింపారు. దాని మనసులో ఎక్కడమే ఉంది, దిగడం లేదు. దిగేదాకా నమలలేదు, నమిలేదాకా మర్చిపోలేదు. అన్నయ్య కూడా ఆ లారీలోనే ఉండిపోయాడు.

ఈ మాట చెప్పడానికి పట్టాభి గారి గదికి వెళ్లింది. ఆయన అప్పటికే మహా ఉత్సాహంగా ఉన్నారు.

"వచ్చే వారం రాజధాని నుంచి అధికారులు వస్తున్నారమ్మా. పశువుల రవాణా నిబంధనలు తిరగరాసే సంఘం. అందరికీ పట్టీ కడదాం. ఒక్కసారి ఆ లారీలో వెళ్లొస్తే మర్నాడే చట్టం మారుతుంది. తర్వాత పశువుల లారీ నడిపే ప్రతివాడికీ ఇది తప్పనిసరి చేయిద్దాం."

"దానికి వైద్యం మొదలెడదామనుకుంటున్నానండి. బాగుపడుతుంది. నెమరేస్తే ఆ జ్ఞాపకం..."

ఆయన ముఖంలో వెలుగు తగ్గింది. కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నారు.

"కొన్నాళ్లు ఆగు."

"అంటే, అంతదాకా దాన్ని ఇలాగే ఉంచమంటారా?"

"నాకు సంతోషమనుకున్నావా? రోజూ దాని దగ్గరికెళ్లి నిలబడుతున్నాను. ఒక్కదాని బాధతో లక్షల పశువులకు నీళ్లు దొరుకుతాయి. లెక్క నువ్వే వెయ్యి."

"మరి మనుషులకి? పట్టీ పెట్టుకున్న డ్రైవరు ఎలా ఉన్నాడో చూసేరా? అతనికి అరగడం లేదండి."

"అరగకపోతేనే మంచిది కదమ్మా" అన్నారాయన, ఎంతో మృదువుగా. "ఇన్నాళ్లూ అందరికీ అరిగిపోబట్టేగా ఇలా జరుగుతోంది."

"ఆయన మా అన్నయ్యండి."

పట్టాభి గారు గిరుక్కున తిరిగారు. లోవకుమారి అప్పటికే గది దాటింది.

మర్నాడు తెల్లవారగానే పాకలో ఆరోగ్యంగా ఉన్న గేదెను నిలబెట్టి, గొంతులోకి గొట్టం దించి, పొట్టలోని రసం కాస్త తీసింది. గోరువెచ్చగా ఉండగానే ఒంటికొమ్ముదానికి పట్టించింది. నెమరు మానేసిన పశువుకు మరో పశువు పొట్టలోంచి ఆకలి అరువు ఇవ్వడం పశువైద్యంలో పాత పద్ధతే. అదైతే పొట్టకు వైద్యం. దిగని ప్రయాణానికి వైద్యం వేరే ఉండాలి.

ఆ వైద్యం అబ్బులుకు తట్టింది. గోడకు ఆనుకుని నిలబడి చెల్లెలు చెప్పిందంతా విన్నాక, చాలా రోజుల తర్వాత అతను తనంతట తానుగా మాట్లాడాడు.

"లారీ తెస్తాను."

"మళ్లీ ఎక్కిస్తావా దాన్ని? అన్నయ్యా, గుండాగి చచ్చిపోద్ది!"

"ఎక్కించను. అది ఎక్కితే ఎక్కుద్ది. నేను దింపాలి లోవా. దింపకుండా వదిలేసేను."

లారీని పంటు మీద దాటించారు. చాలా రోజుల తర్వాత స్టీరింగు పట్టిన అబ్బులు ఒళ్లంతా చెమటలు పట్టినా, గట్టు మీదుగా మెల్లగా నడిపించాడు. లోపల కడిగి, ఇసుక పోసి, ఇసుక మీద మందంగా వరిగడ్డి పరిచాడు. వెనక తలుపు ఏటిగట్టుకు ఆనించి, వెడల్పాటి చెక్క వేసి దాని మీదా గడ్డి చల్లాడు. ముందువైపు తొట్టెలో నీళ్లు నింపాడు. మరిడమ్మ పచ్చగడ్డి మోపు తెచ్చి లోపల పడేసింది. గేదె ముక్కుతాడు కోసేసి అబ్బులు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

ఎండ పైకి వచ్చింది. ఒంటికొమ్ముది లారీని చూసి వణికింది. దూరం పోయింది. మళ్లీ వచ్చి వాసన చూసింది. నీళ్ల వాసనో, అతని వాసనో, మధ్యాహ్నం కావస్తుండగా ఒక కాలు చెక్క మీద పెట్టింది. అబ్బులు పక్కనే నడిచాడు, తాకకుండా. లోపలికి వెళ్లి తొట్టెలో మూతి పెట్టి, ఆపకుండా తాగింది. అతనూ వంగి అదే తొట్టెలో దోసిలి పట్టి తాగాడు.

లారీ కదల్లేదు. కదిల్చే పని లేదు. గేదె మెల్లగా తలెత్తి, తన వెనకాల తలుపు తెరిచే ఉందని చూసింది. తలుపు అవతల నేల, నేల అవతల నది. అప్పుడు అబ్బులు దాని చెవి దగ్గర వంగి అన్నాడు.

"వచ్చేశాం తల్లీ."

గేదె వెనక్కి తిరిగింది. చెక్క మీద ఒక్కో కాలే ఆనించుకుంటూ దిగింది. నేల తగిలాక కాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత గట్టు కింద నీడలో ముందు మోకాళ్లు వంచి, పెద్దగా నిట్టూర్చి, ఒళ్లంతా భూమికి అప్పజెప్పింది.

"పట్టీ" అన్నాడు అబ్బులు, దాని పక్కనే వాలిపోతూ.

లోవకుమారి పరుగున పాకలోకి వెళ్లి తెచ్చింది. గేదె దవడ కింద ఒకటి కట్టింది. మనుషులవి రెండున్నాయి. ఒకటి అన్నయ్య నుదుటికి చుట్టింది. రెండోది తన చేతిలో ఉంది. తన లోపల కూడా ఆ లారీ ఉంది, ఆ మెత్తటి నేల ఉంది, ఆ వంతెన ఉంది. ఇప్పుడు పట్టీ పెట్టుకుని పడుకుంటే అంతా అయిపోతుంది. హాయిగా నిద్రపోవచ్చు.

గేదె గొంతులో ఉండ పైకి వచ్చింది. దవడ కదిలింది. ఒకసారి, మరోసారి, ఆపకుండా.

లోవకుమారి పట్టీని మడిచి జేబులో పెట్టుకుంది.

గడ్డి మీదుగా గాలి వీచింది. గేదె కనురెప్పలు, అబ్బులు కనురెప్పలు ఒకే లయలో అదిరాయి. అతని చేతులు బిగుసుకున్నాయి, కాళ్లు తన్నుకున్నాయి, ఏదో మలుపు దగ్గర పెద్దగా మూలిగాడు. మరిడమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నీడ జరిగి నీళ్లలోకి వెళ్లేదాకా గేదె నమిలింది. ఎక్కడో ఆ లారీ ఆగింది. అబ్బులు పిడికిళ్లు విడిపోయాయి. నోరు తెరుచుకుని, గురకపెట్టి నిద్రపోయాడు.

పట్టాభి గారు ఎప్పుడు వచ్చారో, గట్టు మీద నిలబడి ఉన్నారు. కోప్పడలేదు. వచ్చి గేదె నుదురు నిమిరారు. "బాగుపడింది" అన్నారు. ఆయన గొంతులో సంతోషమూ ఉంది, దుఃఖమూ ఉంది. "సాక్ష్యం మాత్రం పోయిందమ్మా."

"నాలో ఉందండీ. నేను ఉంచుకున్నాను."

ఆయన ఆమె జేబులోంచి వేలాడుతున్న పట్టీ కొస చూశారు. వంగి గేదె దవడ కింద పట్టీ విప్పేశారు.

అబ్బులు లేచి ఆకలేస్తోందన్నాడు. గట్టుకు ఆనించిన లారీని చూసి, ఇక్కడికెందుకు తెచ్చామని అడిగాడు. ఆ ప్రయాణం అతనిలో ఎక్కడా లేదు. పట్టీలోంచి చూసిందే కాదు, తాను నడిపిందీ లేదు. చెల్లెలు చెబుతుంటే ఎవరి సంగతో విన్నట్టు విన్నాడు.

"కాళ్ల కింద పడి చచ్చిపోయిందా? అలాగ తోలింది నేనేనా?"

"నువ్వే."

"నాకు గుర్తులేదే" అన్నాడు భయంగా. "మళ్లీ చేస్తానేమో లోవా. నువ్వు చెప్తా ఉండు. నేను మర్చిపోయినప్పుడల్లా చెప్తా ఉండు."

అధికారులు వచ్చిన రోజున పట్టీలు బయటకు తీయలేదు. పట్టాభి గారే వద్దన్నారు. లోవకుమారి బల్ల ముందు నిలబడి, కళ్లు మూసుకుని, ముక్కుతాడు దగ్గర మొదలుపెట్టింది. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఒక అధికారి ముందున్న నీళ్ల గ్లాసును పక్కకు జరిపేశాడు. మెత్తటి నేల దగ్గర ఎవరో చాలమ్మా అన్నారు. ఆమె ఆపలేదు. లారీ ఆగని మలుపులన్నీ చెప్పింది. ఆ గొంతు తన అన్నయ్యదేననీ, అతను చెడ్డవాడు కాదనీ, అతనికి ఆగడానికి చోటే లేదనీ చెప్పింది.

అనుకున్నదంతా జరగలేదు. కాగితం మీదకు వచ్చింది కొంతే. పశువుల లారీలు వెళ్లే పెద్దరోడ్ల పక్కన మజిలీలు కట్టాలని, అక్కడ దింపి, నీళ్లు పెట్టి, అవి పడుకుని నెమరు వేసేదాకా తిరిగి ఎక్కించకూడదని, ఎక్కువ ఎక్కిస్తే అక్కడే దింపించేయాలని రాశారు. అడ్డదారుల్లో తప్పించుకు పోయేవాళ్లు పోతూనే ఉన్నారు.

మొదటి మజిలీ తెరిచిన పొద్దున లోవకుమారి గేటు దగ్గర ఉంది. లారీ నడపడం మానేసి అక్కడ పనికి కుదిరిన అబ్బులు, వచ్చిన లారీకి దింపుడు చెక్క ఆనించాడు. ఆ డ్రైవరు ఎవరో మర్యాదస్తుడు, కుర్చీ తెచ్చి ఆమె పక్కన వేశాడు.

"ఎండగా ఉంది, కూచోండి డాక్టరమ్మగారూ."

"దిగనివ్వండి" అందామె.

గేదెలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. నేల వాసన చూసి, నమ్మకం కుదరక మళ్లీ చూసి, తొట్ల వైపు నడుస్తున్నాయి. చివరిది మాత్రం లారీ అంచున ఆగిపోయింది. చెక్క వైపు చూస్తుంది, వెనక్కి జరుగుతుంది. డ్రైవరు తాడు అందుకోబోతే అబ్బులు వద్దని సైగ చేశాడు. రోడ్డు మీద బళ్లు పోతున్నాయి. తొట్ల దగ్గర నీళ్లు తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. లోవకుమారి లోపలి లారీ ఇంకా ఆగలేదు. ఆమె కదలకుండా నిలబడే ఉంది.

ఆ గేదె ముందుకాలు చాపి చెక్కను తడిమి చూసింది. దిగింది. నీళ్లు తాగి, మిగిలినవాటి మధ్య చోటు వెతుక్కుని, మోకాళ్లు వంచి పడుకుంది. కాసేపటికి దాని దవడ కదలడం మొదలైంది.

అప్పుడు లోవకుమారి కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.